తప్పు ఎంతవరకో దండన అంతవరకే
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా నుంచి వచ్చినవాణ్ణి మాట్లాడమంటే సాఫ్ట్‌వేర్ గురించో, అక్కడి చదువుల గురించో చెబుతాడని అనుకుంటారు. అవి నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ హాల్లోనే పాతికమంది ఉన్నారు. అందుకే నిర్వాహకుల అనుమతితో వేరే విషయం ఎంచుకున్నాను. వారంలో ఐదు రోజులు నేను న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తాను. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా శుక్రవారం సాయంత్రాలు మాత్రం నలుపు తెలుపు చారల చొక్కా వేసుకుని, హైస్కూలు పిల్లల అమెరికన్ ఫుట్‌బాల్ ఆటల్లో అఫీషియల్‌గా నిలబడతాను. తప్పులు చూడటం, వాటికి ఎంత శిక్షో కొలిచి వేయడం ఆ పని. పద్నాలుగేళ్లుగా చేస్తున్నాను. అక్కడ నేను నేర్చుకున్నది తరగతి గదిలో ఉన్న మాస్టార్లకు, ఇంట్లో పిల్లలున్న మనందరికీ పనికొస్తుందనిపించింది.

ఆట తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. రెండు గోల్ గీతల మధ్య మైదానం 100 గజాలు. మనం ఇళ్ల స్థలాల బేరాల్లో చెప్పుకునే గజమే, మూడడుగులు. గీతల మీద అంకెలు రెండు వైపుల నుంచీ మొదలై మధ్యలో 50 దగ్గర కలుస్తాయి. జట్టుకు 11 మంది. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు. పోలేకపోతే బంతి అవతలి జట్టుకు. అవతలి గోల్ గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. గజం గజం నేల గెలుచుకునే ఆట కాబట్టి శిక్షలు కూడా గజాల్లోనే ఉంటాయి. బంతి కదలకముందే కదిలితే 5 గజాలు. ఎదుటివాణ్ణి చేతులతో పట్టి ఆపితే, దాన్ని హోల్డింగ్ అంటారు, 10 గజాలు. హెల్మెట్ కమ్మీ పట్టి మెడ తిప్పేయడం లాంటి ప్రమాదకరమైన పనులకు 15 గజాలు.

తప్పు కనబడగానే మేము నడుముకు దోపుకున్న పసుపు గుడ్డ తీసి విసురుతాం. దాన్నే ఫ్లాగ్ అంటారు. దీనికో కథ ఉంది. పూర్వం అఫీషియల్స్ తప్పును చూపడానికి ఈలలు, బూరలు ఊదేవారు. జనం గోలలో అవి వినబడేవి కావు, పైగా ఈల వింటే ఆట ఆగిందనుకునేవారు. 1941లో ఒహాయో రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్ కాలేజీ కోచ్ డ్వైట్ బీడీ ఒక గుడ్డ విసిరితే బాగుంటుందని ఆలోచించాడు. ఆయన భార్య ఇర్మా ఇంట్లో ఉన్న పాత గుడ్డముక్కలతో కుట్టి ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 17న ఓక్లహోమా సిటీ యూనివర్సిటీతో జరిగిన ఆటలో దాన్ని మొదటిసారి వాడారు. అదే ఇవాళ ప్రతి మైదానంలోనూ ఉంది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. చాలా తప్పులకు ఫ్లాగ్ పడినా ఆట ఆగదు. పిల్లలు పరిగెడుతూనే ఉంటారు, మేము చూస్తూనే ఉంటాం. తప్పు జరిగిందని గుర్తు పెట్టుకుంటాం, తీర్పు మాత్రం ఆ డౌన్ పూర్తయ్యాకే. ఈలోపు నా తలలో కొన్ని ప్రశ్నలకు జవాబు సిద్ధంగా ఉండాలి. ఏ జట్టు, ఎన్నో నంబరు? ఎక్కడ జరిగింది? అప్పుడు బంతి ఎవరి చేతిలో ఉంది, లేక గాల్లో ఉందా? ఆట చివరికి ఎక్కడ ఆగింది? ఇది ఎన్నో డౌన్? ఈ చివరిది మరచిపోకుండా వేళ్లకు ఒక ఎలాస్టిక్ రబ్బరు తొడుక్కుంటాం. మొదటి డౌన్‌కు చూపుడు వేలు, రెండోదానికి మధ్యవేలు, అలా. అందరికీ తెలిసిన విషయమే అయినా జ్ఞాపకాన్ని నమ్మకూడదన్నది మా మొదటి పాఠం.

ఇక శిక్ష ఎక్కడి నుంచి కొలవాలి? ఈ పనిలో అసలు విద్య ఇదే. ఒక ఉదాహరణ చెబుతాను. ఒక జట్టు తన 30 గజాల గీత దగ్గర ఆట మొదలుపెట్టింది. బంతి పట్టుకున్న కుర్రాడు పరిగెత్తి మధ్యలో 50 దాకా వెళ్లి పడ్డాడు. కానీ దారిలో 40 దగ్గర అతని తోటివాడు ఎదుటి ఆటగాణ్ణి పట్టి ఆపాడు. ఎక్కడి నుంచి 10 గజాలు వెనక్కి తేవాలి? ఆగిన 50 నుంచా, మొదలైన 30 నుంచా? రెండూ కావు, తప్పు జరిగిన 40 నుంచి. ఎందుకంటే 40 దాకా ఆ కుర్రాడు ఎవరి తప్పుతోనూ పని లేకుండా వెళ్లాడు. ఆ తర్వాతి 10 గజాలూ తోటివాడి తప్పు వల్ల వచ్చాయి. వచ్చిన అక్రమ లాభం తీసేసి, దాని మీద జరిమానా వేస్తారు. అదే తప్పును అవతలి జట్టు చేసి ఉంటే, కుర్రాడు ఆగిన 50 నుంచి ముందుకే కొలుస్తారు. అన్యాయం జరిగినవాడు తాను కష్టపడి సంపాదించిన నేలను పోగొట్టుకోకూడదు కదా.

ఈ లెక్క కూడా ఎప్పటికప్పుడు దిద్దుకుంటూ వస్తున్నదే. అమెరికా హైస్కూలు ఆటలకు నియమాలు రాసే జాతీయ సంఘాన్ని ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ అంటారు. ఆట మొదలైన గీతకు 8 గజాల వెనక ఎవరైనా హోల్డింగ్ చేస్తే పాత నియమం ప్రకారం అక్కడి నుంచి ఇంకో 10 గజాలు వెనక్కి, అంటే మొత్తం 18 గజాల నష్టం. 10 గజాల తప్పుకు 18 గజాల దండన ఎక్కువని, 2023 సీజన్ నుంచి కొన్ని మినహాయింపులతో ఆట మొదలైన గీత నుంచే కొలవమన్నారు. అలాగే గోల్ గీతకు దగ్గర్లో ఉన్నప్పుడు శిక్ష మిగిలిన దూరంలో సగానికి మించకూడదు. సొంత గోల్ గీతకు 8 గజాల దూరంలో ఉన్న జట్టు నుంచి 10 గజాలు తీసుకోలేం, 4 గజాలే తీసుకోవాలి.

నాకు అన్నిటికంటే నచ్చే నియమం ఇంకొకటి. శిక్ష వేయాలా వద్దా అన్నది నష్టపోయిన జట్టు ఇష్టం. మూడో డౌన్‌లో 8 గజాలు కావాలి. బంతి ఉన్న జట్టు హోల్డింగ్ చేసింది, అయినా విసిరిన బంతి ఎవరికీ అందక నేల మీద పడింది. శిక్ష వేస్తే 10 గజాలు వెనక్కి పోయి మూడో డౌన్ మళ్లీ ఆడతారు. వద్దంటే నాలుగో డౌన్ వస్తుంది, చాలాసార్లు బంతి తన్నేసి ఇచ్చేయాల్సిందే. రెఫరీ ఎదుటి జట్టు కెప్టెన్‌కు విషయం వివరిస్తాడు. పదిహేడేళ్ల కుర్రాడు కోచ్ వైపు ఒకసారి చూసి, "వద్దు సార్, నిరాకరిస్తున్నాం" అంటాడు. క్రికెట్‌లో నోబాల్‌కు సిక్స్ కొట్టినవాడికి ఆ ఆరు పరుగులూ ఉంటాయి కదా, కొంచెం అలాంటిదే. శిక్ష అనేది తప్పు చేసినవాడి మీద మన కోపం తీర్చుకోవడానికి పెట్టింది కాదని ఆ క్షణంలో తెలుస్తుంది.

ఇంట్లో టీవీ చూసి వచ్చే తల్లిదండ్రులతో మాకు వచ్చే తగాదాల్లో చాలావాటికి కారణం ఏమిటంటే, నియమాల పుస్తకాలు మూడున్నాయి. బంతి అందుకోబోయే ఆటగాణ్ణి రక్షణ జట్టు అడ్డుకుంటే, ప్రొఫెషనల్ లీగు అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తప్పు జరిగిన చోటే బంతి పెడతారు, కొత్తగా నాలుగు డౌన్లు ఇస్తారు. కాలేజీ ఆటలో శిక్ష 15 గజాలకు మించదు, కొత్త డౌన్లు మాత్రం ఇస్తారు. మా హైస్కూలు ఆటలో 15 గజాలు ఇస్తాం గానీ, దానితో కావలసిన దూరం పూర్తికాకపోతే కొత్త డౌన్లు ఉండవు. ఆదివారం టీవీలో చూసిన తీర్పు శుక్రవారం మా దగ్గర కనబడకపోతే గ్యాలరీలో కేకలు మొదలవుతాయి.

కనబడిన ప్రతిదానికీ ఫ్లాగ్ వేస్తామా అంటే, వేయం. బంతి కుడివైపు పోతుంటే ఎడమ చివర ఇద్దరు కాసేపు పట్టుకుని పెనుగులాడితే ఆట మీద ప్రభావం లేదు. పిలిచి "చేతులు జాగ్రత్త నాయనా" అని చెప్పి వదిలేస్తాం. దెబ్బ తగిలే తప్పును మాత్రం మైదానంలో ఏ మూల జరిగినా వదలం. దానికి చరిత్ర ఉంది. 1905లో ఈ ఆటలో 18 మంది చనిపోయారని అప్పటి పత్రికలు రాశాయి. ఆ అక్టోబరులో అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లను వైట్‌హౌస్‌కు పిలిచి మాట్లాడాడు. 1906లో నియమాలు మార్చారు. బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది, రెండు జట్ల మధ్య కొంత ఖాళీ జాగా వదలాలన్నారు. ఈ నియమాల పుస్తకం వెనక పిల్లల ప్రాణాలున్నాయి.

ఇప్పుడు ఒక ఆట గురించి చెబుతాను. రెండేళ్ల కిందటి మాట. నాలుగో క్వార్టర్‌లో రెండు నిమిషాలు కూడా లేవు. సొంత ఊరి జట్టు 4 పాయింట్లు వెనకబడి ఉంది. ఆ జట్టులో మన తెలుగు కుర్రాడు ఒకడున్నాడు. వాళ్ల నాన్న నాకు పరిచయస్తుడే. అవతలివాళ్లు బంతిని దూరంగా తన్నారు. ఆ రోజు నేను బ్యాక్ జడ్జిని, అంటే అందరికంటే వెనక నిలబడేవాణ్ణి. సొంత జట్టువాడు 25 దగ్గర బంతి పట్టుకుని పరుగు అందుకున్నాడు. 45 దగ్గర అతన్ని ఆపగలవాడు ఒక్కడే మిగిలాడు. మనవాడు వెనక నుంచి వచ్చి, ఆ పిల్లాణ్ణి రెండు చేతులతో వీపు మీద నెట్టాడు. బంతి ఉన్నవాడు టచ్‌డౌన్ దాకా వెళ్లిపోయాడు. ఊరంతా లేచి నిలబడింది. నా ఫ్లాగ్ 45 దగ్గర పడి ఉంది.

వెనక నుంచి నెట్టడం 10 గజాల తప్పు. వెనక నుంచి వచ్చేవాణ్ణి చూసుకోలేడు కాబట్టి దెబ్బ తగిలే తప్పు కూడా. టచ్‌డౌన్ రద్దయింది. 45 నుంచి 10 గజాలు వెనక్కి తెచ్చి 35 దగ్గర బంతి పెట్టాం. వాళ్లు అక్కడి నుంచి మళ్లీ ప్రయత్నించి, చేరుకోలేక ఓడిపోయారు. పోలీసు ఒకాయన మమ్మల్ని కారు దాకా దిగబెట్టాడు.

తర్వాత దీపావళి భోజనాల దగ్గర ఆ తండ్రి ఎదురయ్యాడు. "అన్నా, వాడు మనవాడే కదా. ఆ ఒక్కటి చూడనట్టు ఉంటే ఏం పోయేది?" అన్నాడు. నెట్టించుకుని పడినవాడు కూడా ఎవరికో మనవాడే అన్నాను. ఆయనకు నచ్చలేదు. కుర్రాడు మాత్రం ప్లేటు పట్టుకుని పక్కనే నిలబడి వేరే సంగతి అడిగాడు. "అంకుల్, బంతి పట్టుకున్న 25 దగ్గరికి ఎందుకు పంపలేదు? 35 దగ్గర ఎందుకు పెట్టారు?" 45 దాకా మీవాడు స్వయంగా పరిగెత్తాడు, అది అతని సంపాదన, నీ తప్పుకు 10 గజాలే అని చెప్పాను. వాడు కాసేపు లెక్క వేసుకుని, "అంటే నేను తప్పు చేసినా వాడి పరుగు కొంత మిగిలిందన్నమాట" అన్నాడు. నియమాల పుస్తకం నేను చదివి తెలుసుకున్నది వాడికి ఒక్క ఓటమితో అర్థమైంది. తండ్రి మాత్రం సంక్రాంతి దాకా నాతో ముభావంగానే ఉన్నాడు.

ఇలాంటి ముభావాలు, ఇంతకంటే పెద్ద తిట్లు భరించలేక చాలామంది ఈ పని మానేస్తున్నారు. 2018-19 తర్వాత మూడు నాలుగేళ్లలో అన్ని హైస్కూలు ఆటల్లో కలిపి దాదాపు 50 వేల మంది అఫీషియల్స్ తప్పుకున్నారని ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ చెప్పింది. అఫీషియల్స్ చాలక శుక్రవారం ఆటలు కొన్ని గురువారానికో, శనివారానికో జరుగుతున్నాయి. ఆటగాళ్లున్నారు, కోచ్‌లున్నారు, చూసేవాళ్లున్నారు. తీర్పు చెప్పేవాడు దొరక్క ఆట ఆగిపోతోంది.

గురువులకు, మన సంఘం పెద్దలకు ఒక విన్నపం. మన బడిలో ఏటా హౌస్‌ల మధ్య కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ పోటీలు జరుగుతాయి. వాటికి అంపైర్లుగా మాస్టార్లే ఉంటారు. ఈ ఏడాది నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ ఈల ఇవ్వండి. ముందు నియమాలు చదివించండి, పరీక్ష పెట్టండి, తర్వాత మైదానంలో నిలబెట్టండి. స్నేహితుడి మీద తీర్పు చెప్పడం ఎలా ఉంటుందో, తప్పుకు తగినంతే శిక్ష వేసి మరుక్షణం మరచిపోవడం ఎలాగో వాళ్లకు పద్నాలుగేళ్లకే తెలుస్తుంది. దానికి కావలసిన ఈలలు, చొక్కాలు, నియమాల పుస్తకాలు మా 1988 బ్యాచ్ తరఫున ఇస్తాం. సెలవుల్లో వచ్చినప్పుడు రెండు రోజులు శిక్షణకు నేను కూర్చుంటాను. ఆ పిల్లలు తప్పు తీర్పు చెప్పారనిపించినా గ్యాలరీలో ఉన్న మనం మాత్రం నోరు మెదపకుండా ఉండాలి. అదొక్కటే షరతు.