మచ్చలేని పటము



పెండ్లిచూపులకు ముందుగా పిల్ల పటమును పంపుట మన కోనసీమలో క్రొత్త ఆచారము కాదు. పూర్వము ఆ పటము కవరులో చేరి, మధ్యవర్తి చేతిసంచిలో అమలాపురము నుండి రాజోలుకు, కొత్తపేట నుండి ముమ్మిడివరమునకు ప్రయాణము చేసెడిది. నేడు క్షణములో చేతిఫోనుకు చేరుచున్నది. మొన్నటి మాఘమాసమున మా మేనకోడలి పటమును అట్లు పంపవలసి వచ్చి, అమలాపురములో ఒక స్టూడియోకు తీసికొని పోతిమి.

ఫొటోగ్రాఫరు మర్యాదస్తుడు. పటము తీసి, కంప్యూటరు తెరపై నిలిపి, "కొంచెం రంగు పెంచమంటారాండీ?" అని అడిగెను. మా చెల్లెలు వెంటనే తల ఊపినది. మేమును వలదనలేదు. పది నిమిషములలో చామనచాయ పసిమిచాయ అయినది. చెక్కిళ్ళు సన్నగిల్లినవి. గడ్డముమీది పుట్టుమచ్చ మాయమైనది. ఇంటికి వచ్చిన పిమ్మట, ఎనుబదియేండ్లు దాటిన మా అమ్మగారు కళ్ళజోడు పెట్టుకొని ఆ పటమును చాలసేపు చూచి, "మచ్చ ఏదర్రా? అది మా అమ్మ మచ్చ" అనిరి. మేము నవ్వి ఊరకుంటిమి. ఆ నవ్వును గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

పటమును దిద్దుట కంప్యూటరుతో పుట్టిన విద్య కాదు. ఫొటోగ్రఫీ 1839లో లోకమునకు వెల్లడి అయినది. కొన్ని దశాబ్దములకే దిద్దుబాటు ఆ వృత్తిలో ఒక భాగమైనది. వాలుబల్లపై నెగటివును నిలిపి, వెనుకనుండి వెలుతురు పడునట్లు అమర్చి, దానిపై పలుచని వార్నీషు పూసి, సూదివలె చెక్కిన పెన్సిలుతో సన్నని చుక్కలు పెట్టెడివారు. నెగటివులో నలుపైనది అచ్చులో తెలుపగును. కావున ముడుత ఉన్నచోట పెన్సిలు పడినచో కాగితముపై ఆ ముడుత మాసిపోవును. నలుపు తెలుపు అచ్చుపై చెక్కిలికి గులాబి రంగును, నగలకు పసుపును చేతితో అద్దు పనివారును ఉండెడివారు. మన పెద్దల యిండ్లలో గోడలకు వ్రేలాడు పటములలో ఇట్టి చేతులు తాకినవి ఎన్నియో కలవు.

ఆ పెన్సిలుకు ఒక న్యాయమైన పనియు ఉండెడిది. తొలినాటి ప్లేట్లు నీలి వెలుగును ఎక్కువగా గ్రహించెడివి, ఎరుపును గ్రహింపలేకుండెడివి. ఎరుపు కలిసిన మన చామనచాయ వానిపై ఉన్నదానికంటె నల్లగా పడెడిది. చిన్నమచ్చ పెద్దదై కనబడెడిది. అట్టి తరి దిద్దువాడు యంత్రము చెప్పిన అబద్ధమును సరిచేయుచుండెను. తరువాత రంగుల ఫిల్ము వచ్చినపుడు, అచ్చులో రంగులు సరిచూచుకొనుటకు కొడాక్ కంపెనీ పంపిన నమూనా పటములపై చాలకాలము తెల్లజాతి స్త్రీయే ఉండెను. వానికి షర్లీ కార్డులని పేరు. ఆమె చాయకు కుదిర్చిన రంగులలో నల్లని ముఖము కుదురలేదన్నచో, ఆ తప్పు ముఖముది కాదు. యంత్రపు లోపమును దిద్దుట వేరు, మనిషిని దిద్దుట వేరు. ఈ రెంటికిని నడుమ గీత చెరిగిపోవుటయే నేటి చిక్కు.

1990లో అమెరికాలో నోల్ సోదరులు రచించిన ఫొటోషాప్ అను కార్యక్రమమును అడోబీ కంపెనీ విపణిలోనికి తెచ్చినది. పెన్సిలుతో పూటపట్టిన పని నిమిషములలోనికి వచ్చినది. పత్రికల అట్టలపై తారల నడుములు సన్నగిల్లినవి. సెంటరులో నిలిపిన ప్రకటన బోర్డులపై ముఖములకు రంధ్రములు, రోమములు లేకపోయినవి. నేడు ఆ పనికి స్టూడియోయును అక్కరలేదు. అనేకములైన ఫోనులలో ముఖమును నునుపుచేయు అమర్పు కలదు. కొన్నింటిలో అది మనము అడుగకయే పనిచేయుచుండును. దిద్దుచున్నాడని పూర్వము తెలిసెడిది. ఎదుట పెన్సిలు పట్టిన మనిషి ఉండెడివాడు. ఇప్పుడు అదియు తెలియదు.

దీనివలన నష్టమేమి, ముచ్చటకు చేసికొన్నది కదా అని అడుగువారు కలరు. మా యింట జరిగినది చెప్పెదము.

పటము నచ్చినదని రాజోలు వైపునుండి పిల్లవానివారు వచ్చిరి. పిల్ల వచ్చి చాపపై కూర్చుండెను. పిల్లవాని మేనత్తగారి చేతిలో ఫోను ఉన్నది. ఆమె పిల్లను చూచిరి, ఫోను చూచిరి, మరల పిల్లను చూచిరి. తరువాత కాఫీలు త్రాగిరి, కొబ్బరికాయ ధరను గూర్చి మాటలాడిరి, సెలవు తీసికొనిరి. రెండునాళ్ళకు మధ్యవర్తి వచ్చి, "ఫొటోలో ఉన్నట్టు లేదంటున్నారండి" అనెను. ఆ మాటలో అసత్యము లేదు. అందువలననే మాకు నోరు లేకపోయినది. ఆ రాత్రి మా మేనకోడలు మాతో, "మావయ్యా, వాళ్ళు చూడ్డానికొచ్చింది నన్ను కాదుగా. ఆ ఫొటోలో పిల్లని" అన్నది. ఆ పిల్ల చామనచాయ ఏనాడును మా యింట కొరతగా తోచలేదు. మేము పంపిన పటమే ఆమెపై సాక్ష్యము చెప్పినది.

మరియొకటి. రాజోలు, అమలాపురము ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయి ఇంటిపనులు చేయు తల్లులు పెక్కురు. మా వీధిలోని ఒక ఇల్లాలు కువైటులో రెండేండ్లు ఉండి వచ్చినది. సెలవు దొరికిన దినమున ఫోనులో ముఖము చూపి పిల్లలతో మాటలాడెడిది. ఆమె తిరిగివచ్చి వాకిట నిలిచినపుడు, కండ్లక్రింది నలుపును, చిక్కిన దవడలను పిల్లలు మొదటిసారి చూచిరి. "ఫోన్లో బానే ఉన్నావుగా అమ్మా" అని పెద్దపిల్ల ఏడ్చినది. ముఖమును నునుపుచేయు అమర్పు కొన్ననాటినుండియు ఆ ఫోనులో తెరచియున్నదని ఆ తల్లికి తెలియనే తెలియదు. ముఖము అందమునకు మాత్రమే కాదు కదా! అలసటను, జ్వరమును, ఆకలిని మనవారికి తెలుపునది ముఖమే. దానిని తుడిచివేసినచో కబురు తుడిచివేసినట్లే.

ఈ బాధ మనకు మాత్రమే కలిగినది కాదు. ఫ్రాన్సులో 2017 అక్టోబరు 1 నుండి, మోడళ్ళ దేహమును సన్నముగనో లావుగనో మార్చిన వ్యాపార పటములపై అది దిద్దిన పటమని వ్రాయవలెను. నార్వేలో 2022 జూలై 1 నుండి ఇట్టి చట్టమే అమలులోనికి వచ్చినది. మన దేశమున ప్రకటనల ప్రమాణములను చూచు మండలి 2014లో, నల్లనివారిని పెండ్లికిగాని ఉద్యోగమునకుగాని తగనివారిగా చూపరాదని నియమము చేసినది. 1975 నుండి అమ్ముడుపోవుచుండిన ఒక ముఖలేపనము 2020లో తన పేరులోని తెలుపును వదలుకొన్నది. మన తెలుగు దంపతుల బిడ్డ నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటము ధరించినపుడు, ఆ చాయ పిల్లను మన దేశపు పోటీలలో ఎన్నుకొందురా అను ప్రశ్న మనలోనే బయలుదేరినది. ప్రశ్న మంచిదే. అయితే ఈ చట్టములు, నియమములు వ్యాపార ప్రకటనలకే. మన యింటి పెండ్లిపటమును అవి కాపాడవు.

కొత్తపేటకు చేరువనున్న ర్యాలికి మనలో పెక్కురు వెళ్ళియుందురు. అచ్చట జగన్మోహినీ కేశవస్వామివారి విగ్రహము ముందువైపు విష్ణువు, వెనుకవైపు మోహిని. లోకమును మోహింపజేసిన ఆ రూపమును మన శిల్పి నల్లరాతిలో చెక్కినాడు. అర్చకులు దీపము పట్టి, సిగను, కాలివెనుక పుట్టుమచ్చను చూపుదురు. మోహిని మాయారూపమే గదా; ఆ మాయకును మచ్చ ఉండవలెననియే శిల్పికి తోచినది. మచ్చ చూచుటకు మనము వరుసలో నిలిచెదము. ఇంటికి వచ్చి పిల్ల గడ్డముమీది మచ్చను చెరిపించెదము.

పటము తీయువారిపై మాకు నింద లేదు. వారు మనము అడిగినదే చేయుదురు. కావున అడుగుటయే మార్చుకొందము. వెలుతురు చాలనిచో సరిచేయుమని చెప్పుదము. ముఖమును విడిచిపెట్టుమని చెప్పుదము. ఇంటిలోని ఫోనును పిల్లలచేత తెరిపించి, నునుపుచేయు అమర్పు ఉన్నచో మూయింతము. పత్రికలోని తారను చూపి "నేనిలా లేనేం?" అని ఆడపిల్ల అడిగినపుడు, ఆ పటము ఎట్లు తయారగునో కూర్చుండబెట్టి చెప్పుదము. ఆ తారయును అట్లుండదని చెప్పుదము.

గతవారము మా మేనకోడలి పటమును మరల తీయించితిమి. మా యింటి వీధియరుగుమీద, ఉదయపు ఎండలో. చాయ చామనచాయగానే వచ్చినది. మచ్చ దాని చోట అది ఉన్నది. మా అమ్మగారు చూచి ఏమియు అనలేదు. పటమును తమ మంచముప్రక్క పెట్టుకొనిరి. రెండవ ప్రతిని మధ్యవర్తికి పంపితిమి. సమాధానము ఇంకను రాలేదు. వచ్చువారు ఈసారి మా పిల్లను చూచుటకే వత్తురు.

సెలవు.