పాదాలు చదివే బాట
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1992 పదో తరగతి బ్యాచ్ వాణ్ని. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జబ్బు వల్ల మొదట రాత్రిచూపు, తర్వాత పక్కచూపు, నలభై దాటాక దాదాపు మొత్తం చూపు పోయింది. ఇప్పుడు తెల్లకర్ర సాయంతో రోజూ ఉద్యోగానికి వెళ్లివస్తున్నాను. చూపు లేనివారు దారి ఎలా తెలుసుకుంటారో నాలుగు మాటలు చెప్పి, మీ అందరినీ ఒక కోరిక కోరదామని లేచాను.

తెల్లకర్రను చాలామంది ఊతకర్ర అనుకుంటారు. దాని పని వేరు. భుజాల వెడల్పుకు కాస్త మించి అటూ ఇటూ ఆడిస్తూ నడుస్తాం. కుడికాలు ముందుకు పడేటప్పుడు కర్ర కొన ఎడమవైపు తాకుతుంది. అంటే తర్వాతి అడుగు పడే చోటును ముందే తడిమి చూస్తుందన్నమాట. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం అమెరికాలో రిచర్డ్ హూవర్ ఈ పద్ధతిని రూపొందించారు. అయితే వంగిన కొమ్మలు, వేలాడే బోర్డులు కర్రకు అందవు. అందుకే ఢిల్లీ ఐఐటీ వారు 2014లో స్మార్ట్‌కేన్ తెచ్చారు. అది అతిధ్వని తరంగాలతో అడ్డును పసిగట్టి, పిడి అదురుతూ హెచ్చరిస్తుంది.

కర్రకు నేల కూడా తోడు కావాలి. రైల్వే ప్లాట్‌ఫారాల మీద, హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో పసుపుపచ్చ పలకలు చూసే ఉంటారు. వాటి మీద పొడవాటి గీతలుంటే ‘ఇటే నడవండి’ అని అర్థం. గుండ్రటి బుడిపెలుంటే ‘ఆగండి, ముందు మెట్లో, అంచో, మలుపో ఉంది’ అని అర్థం. కొద్దిపాటి చూపున్నవారికి కూడా తెలియాలనే పసుపు రంగు. జపాన్‌కు చెందిన సెయీచి మియాకే, చూపు మందగిస్తున్న స్నేహితుడి కోసం 1965లో వీటిని కనిపెట్టారు. 1967 మార్చి 18న ఒకాయామా నగరంలో, అంధుల పాఠశాల దగ్గరి రోడ్డు మీద తొలిసారి పరిచారు.

మన దగ్గర పలకలున్నా, చాలాచోట్ల వాటి మీదే బైకులు నిలుపుతారు, తోపుడుబండ్లు పెడతారు. ఒకచోట గీతల వెంటే నడిచి నేరుగా కరెంటు స్తంభానికి గుద్దుకున్నాను. పలకలు లేకపోవడం కన్నా తప్పుగా వేయడమే ప్రమాదం. లేనిచోట జాగ్రత్తపడతాం, ఉన్నచోట నమ్ముతాం.

ఇక నా కోరిక. స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కడదామని సంఘం ఆలోచిస్తోంది. సంతోషం. ఆ ద్వారం నుంచి ఆఫీసు గదికి, గ్రంథాలయానికి, మరుగుదొడ్లకు గీతల పలకలతో బాట కూడా వేద్దాం. ప్రతి మెట్ల వరుసకు పైనా కిందా బుడిపెల పలకలు, మెట్ల అంచులకు పసుపు పట్టీలు వేద్దాం. తలుపుల పక్కన బ్రెయిలీలో గదుల పేర్లు పెడదాం. పని మొదలుపెట్టే ముందు చూపు లేనివారిని పిలిచి, ఆ దారిలో నడిపించి, వాళ్ల మాట విందాం. సైకిళ్ల స్టాండును బాటకు దూరంగా జరుపుదాం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం బడి ఆవరణ అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. చట్టం సంగతి అటుంచండి. రేపు చూపు లేని పిల్లవాడు చేరతానని వస్తే, ‘నీకు వేరే బడి ఉంది’ అని ఈ గడపలోంచి పంపించకూడదు గదా!

నిధి చాలకపోతే ద్వారం ఎత్తు ఒక అడుగు తగ్గిద్దాం. బాటను మాత్రం తగ్గించొద్దు. సెలవు.