ఉరుము, మెరుపు – ఒక పాఠము

మీడియం వేవ్ రేడియో వినుచుండగా నడుమనడుమ గరగరమని చప్పుడు వచ్చిన, ఎచ్చటనో మెరుపు మెరసినదని తరచుగా ఊహింపవచ్చును. మెరుపునుండి వెలువడు విద్యుత్తరంగములే దానికి కారణము. మా బడిలో ఈ పాఠమును మేము రేడియోతోనే ప్రారంభింతుము.

పిమ్మట ప్లాస్టిక్ దువ్వెనను పొడిజుట్టుపై రుద్ది కాగితపు ముక్కలకడకు చేర్చుదుము. అవి ఎగిరి అంటుకొనును. మేఘములో జరుగునదియు కొంతవరకిట్టిదే. పైకెగయు గాలి తేలికైన మంచుపలుకులను మోసికొనిపోవుచుండ, బరువైన చిన్న వడగండ్లు వానిని ఒరసికొనును. ఆ రాపిడివలన సాధారణముగా మేఘము పైభాగమున ధనావేశము, క్రిందిభాగమున ఋణావేశము చేరును. అది మితిమీరినప్పుడు గాలి అడ్డగింపలేక దారి యిచ్చును. అదియే మెరుపు, నేలను తాకిన పిడుగు. ఆ దారిలోని గాలి సుమారు 30,000 డిగ్రీల సెంటీగ్రేడువరకు వేడెక్కి ఒక్కుమ్మడి వ్యాకోచించును. ఆ ధ్వనియే ఉరుము.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచన ననుసరించి 1752లో ఫ్రాన్సునందు దాలిబార్ నిలిపించిన ఇనుపకడ్డీనుండి నిప్పురవ్వలు వెలువడెను. మేఘమున నున్నది విద్యుత్తేయని తేలెను. మరుసటి యేడు సెంట్ పీటర్స్‌బర్గున ఇట్టి పరిశోధనయందే రిచ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు ప్రాణము గోల్పోయెను. కావున ఆకాశవిద్యుత్తుతో ప్రయోగములు మేము చేయింపము.

ఉరిమినప్పుడు అర్జునుని నామములు స్మరించుట మన పల్లెల అలవాటు. మేము వలదనము. మెరుపు కనబడినది మొదలు ఉరుము వినబడువరకు సెకండ్లు కూడ లెక్కింపుడందుము. ధ్వని మూడు సెకండ్లలో సుమారు ఒక కిలోమీటరు పయనించును. తొమ్మిది సెకండ్లయిన మూడు కిలోమీటర్లు.

ఒకనాడు ఒక బాలుడు లేచి, “అయ్యా, అంతదూరమున్నచో మా నాయన చేనిగట్టున చింతచెట్టు క్రింద నిలువవచ్చునా?” అని అడిగెను. తగదంటిమి. తరువాతి పిడుగు ఆ చెట్టుమీదనే పడవచ్చును. చెట్టును తాకిన విద్యుత్తు ప్రక్కనున్న మనిషిపైకి దుముకును. నేలలో వ్యాపించి పశువుల కాళ్ళగుండ ప్రవహించును. చెట్టుక్రింది మంద ఒక్కసారిగా కూలుట అందువలననే. ఉరుము వినబడినంతనే పక్కాయింట చేరవలెను. కడపటి ఉరుము తరువాత ముప్పది నిమిషములు ఆగవలెను.

కొన్నాళ్ళకు మబ్బు కమ్మిన సాయంకాలము గడచిన మరునాడు ఆ బాలుడు, “నాయన నిన్న తొలి యురుముకే ఇంటికి వచ్చెనండి” అనెను. పరీక్షలో నూటికి నూరు మార్కులకన్న మాకా మాట మిన్న.