ఒంటరిగా మోయమని దేవుడు చెప్పలేదు

నేటి ధ్యానమునకు సంఖ్యాకాండము 11వ అధ్యాయము, మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయము చూద్దాం.

ఈ రోజు ముఖ్యంగా ఇంట్లో రోగికి సేవచేస్తున్న పెద్దవారితో మాట్లాడాలని ఆశిస్తున్నాను. మీకు అరవై, డెబ్బై ఏండ్లు దాటాయి. మీకే మోకాళ్ల నొప్పులు, బీపీ, షుగరు ఉన్నాయి. అయినా పక్షవాతం వచ్చిన భర్తకో, మతిమరుపు వ్యాధి ఉన్న భార్యకో రాత్రింబగళ్లు పరిచర్య చేస్తున్నారు. ఒంటికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. గంజి తాగించాలి, బట్టలు మార్చాలి. దూరాన ఉన్న పిల్లలు ఫోనులో "నాన్నకు ఎలా ఉంది?" అంటారు. "అమ్మా, నీకెలా ఉంది?" అని అడిగేవారు తక్కువ.

కొంతకాలానికి నిద్ర పట్టదు. అన్నం సహించదు. పాట పాడబోతే నోరు రాదు. "నేనే ముందు పోతే బాగుండును" అనే తలంపు వస్తుంది. వెంటనే, విశ్వాసినై యుండి ఇలా తలంచానే అని భయం. అందుకే కాపరికి కూడా చెప్పరు.

ప్రియులారా, మోషే ఆ మాట దేవునితోనే చెప్పాడు. ఈ జనులను ఒంటరిగా మోయలేను, నన్ను చంపివేయమన్నాడు. దేవుడు అతణ్ణి గద్దించలేదు. 70 మంది పెద్దలను పోగుచేయమని చెప్పి, ఆ భారాన్ని వారికీ పంచాడు. ఏలీయా కూడా అరణ్యంలో చెట్టు క్రింద కూర్చుండి చావు కోరుకున్నాడు. దేవుడు మొదట అతనికి బోధ చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూతచేత అప్పము, నీళ్లు ఇప్పించాడు. మరల పడుకోనిచ్చాడు, మరల తినిపించాడు. హోరేబు కొండ మీద మాట్లాడింది ఆ తరువాతనే.

కాబట్టి సహోదరీ, సహోదరుడా, నీ దిగులు నీ విశ్వాసానికి కొలత కాదు. అది రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించు. థైరాయిడ్ తేడా వలన, బి12 లోపం వలన కూడా ఇలా ఉండవచ్చు గనుక పరీక్ష చేయించుకో. మందు ఇస్తే, గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానవద్దు. షుగరుకు మాత్ర వేసుకుంటే అవిశ్వాసమా? ఇదీ అంతే. చావు తలంపు వస్తే ఆ రోజే ఒకరితో చెప్పు. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

సంఘస్థులారా, మీతో ఒక మాట. సిలువ మీద మన ప్రభువు తన తల్లిని శిష్యునికి అప్పగించాడు. ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకొన్నాడు. మనమైతే "ప్రార్థన చేస్తామమ్మా" అని గుమ్మం దగ్గరనుండే వచ్చేస్తున్నాం. ప్రార్థన చేయండి. దానితోపాటు వారానికి రెండు గంటలు ఆ మంచం దగ్గర కూర్చోండి, ఆ తల్లి నిద్రపోతుంది. స్త్రీల సమాజం వారు అన్నం క్యారేజీ తీసుకువెళ్లండి. యౌవనస్థులు ఆమెను ఆసుపత్రికి, ఆదివారం ఆరాధనకు తీసుకువెళ్లండి. రోగిని పరామర్శించాక, సేవచేసే మనిషిని కూడా "మీకెలా ఉంది?" అని అడగండి.

ప్రార్థన చేద్దాం. కనికరముగల తండ్రీ, ఈ వేళ మంచం ప్రక్కన మేలుకొని యున్న నీ బిడ్డలకు నిద్రను, ఆహారమును, తోడును దయచేయుము. ఆ తోడు మేమే అగునట్లు మమ్ములను పంపుము. యేసు నామమున వేడుచున్నాము తండ్రీ, ఆమేన్.