సూదిమందు శిక్ష కాదు

వైద్యశాలలలో శిక్షణ పొందుచున్న నర్సులు, యువవైద్యులు మధుమేహరోగులతో పలుకు మాట ఒకటి తరచుగా మా చెవిని పడుచుండును: “పథ్యం సరిగా చేయకపోతే సూది వేయించుకోవలసి వస్తుంది, జాగ్రత్త!” సదుద్దేశముతోనే అందురు. రోగి అన్నము తగ్గింపవలెనని, బిళ్ళలు వేళకు వేసుకొనవలెనని వారి ఆరాటము. కాని ఆ ఒక్క మాటతో ఇన్సులిన్ మందు కాక బెత్తమైపోవుచున్నది. అల్లరిపిల్లలను “డాక్టరు సూది వేస్తాడు” అని బెదరించుట మన ఇండ్లలో ఉన్నదే గదా! తెల్లకోటు తొడిగినను ఆ అలవాటు వదలినట్లు లేదు.

1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరమున లియొనార్డ్ థామ్సన్ అను 14 ఏండ్ల బాలునకు తొలిసారిగా ఇన్సులిన్ ఇచ్చిరి. అంతకు మున్ను అట్టి పిల్లలకు గతి అర్ధాకలి పథ్యము, పిమ్మట మృత్యువు. ఆ బాలుడు మరి 13 ఏండ్లు జీవించెను. ప్రాణము పోసిన మందు మన వార్డులలో బెదరింపుగా మారినది.

నడివయసు దాటినవారికి ఎక్కువగా వచ్చు రెండవరకము మధుమేహముపై బ్రిటనులో 5,102 మందితో దీర్ఘకాలము పరిశోధన జరిగినది. ముఖ్యఫలితములు 1998లో వెలువడినవి. రక్తములోని చక్కెరను గట్టి అదుపున ఉంచినచో కన్నులకు, మూత్రపిండములకు కలుగు చెరుపు తగ్గునని తేలినది. మన ప్రస్తావనకు అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి: ఏండ్లు గడచినకొలది క్లోమము ఇన్సులిన్‌ను స్రవించు శక్తి క్రమముగా క్షీణించును. అనగా ఎంత నిష్ఠగా పథ్యము చేసినవారికైనను ఒకనాడు సూది అవసరము కావచ్చును. బెదరింపు విని పదేండ్లు తీపి ముట్టని ఇల్లాలు ఆనాడు ఏమనుకొనును? “నేనేం తప్పు చేశాను?” అని కుమిలిపోవును, లేదా పై నెలకు, ఆ పై నెలకు వాయిదా వేయును. ఆ వాయిదాలలోనే చూపు మందగించును, పాదములు మొద్దుబారును.

వైద్యసేవకుల మనోభావములను కొలుచుటకు అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయమువారు 33 వాక్యముల ప్రశ్నావళి నొకదానిని రూపొందించిరి. అందులో ఒక విభాగము రోగి స్వనిర్ణయాధికారమునకే కేటాయించిరి. మన పరీక్షకులు మోతాదు అడుగుదురే గాని, ఆ మోతాదును రోగికి ఏ మాటలతో చెప్పితివని అడుగుట అరుదు.

వ్యాధి బయటపడిన మొదటినాడే, “కొన్నేళ్ళకు సూది అవసరం కావచ్చునమ్మా, అది ఈ జబ్బు తీరు, మీ లోపం కాదు” అని చెప్పవచ్చును. సూది మొదలిడిననాడు చేతికిచ్చి నేర్పవలసినవి వేరే ఉన్నవి: 40 యూనిట్ల సీసాకు 40 గుర్తుల సిరంజియే వాడవలెను, 100 గుర్తులది వాడినచో మోతాదు తప్పును. రిఫ్రిజిరేటరు లేని ఇంట రెండు మట్టికుండల నడుమ తడియిసుక పోసి, లోపలి కుండలో సీసాను చల్లగా దాచుకొనవచ్చును.