రోజుకు 864 దొంగ తిమింగలాలు

ఈ స్నాతకోత్సవం గౌన్ల లోపల ఎంత ఉక్కగా ఉందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నా ఉద్యోగం సముద్రపు రికార్డింగుల్లో తిమింగలాల పిలుపులు వెదకడం. “దానికి జీతం కూడా ఇస్తారుటే?” అనేది మా అమ్మ. ఇస్తారు. పని అంతుంది మరి. హవాయి మొదలుకొని పసిఫిక్ దీవుల చుట్టూ అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా దించిన రికార్డర్లు 1,70,000 గంటలకు పైగా ధ్వనిని పోగుచేశాయి. రాత్రింబవళ్లు విన్నా పందొమ్మిదేళ్లు పడుతుంది. అందుకే 2018లో గూగుల్‌తో కలిసి, ధ్వనిని స్పెక్ట్రోగ్రామ్ బొమ్మలుగా మార్చి, హంప్‌బ్యాక్ తిమింగలాల పాటల్ని యంత్రంతో వెదికించారు. మంచి పని.

నేను వెదికేది ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాన్ని. మిగిలినవి 400 కూడా లేవు. ఓడలు గుద్ది చస్తున్నాయి. దాని పిలుపు సెకను పాటు కింది నుంచి పైకి లేచే “ఊఁప్”, అంతే. హంప్‌బ్యాక్ కూడా ఒక్కోసారి అచ్చం అలాగే అంటుంది.

ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన ఒకబ్బాయి “మేడమ్, నా మోడల్‌కి 99 శాతం యాక్యురసీ!” అంటూ వచ్చాడు. నాయనా, గంటకు 3,600 సెకన్లు. సెకనుకో ముక్క చొప్పున చూస్తే, ఒక్క శాతం తప్పుకి గంటకు 36 దొంగ తిమింగలాలు. రోజుకు 864. ఆ రోజు అసలుది ఒక్కటీ రాకపోవచ్చు. కళ్లు మూసుకుని అన్నిటికీ “లేదు” అని రాసే ప్రోగ్రాంకి నీకంటే ఎక్కువ మార్కులొస్తాయి!

“రికార్డింగులు విన్నావా?” అన్నాను. “లేబుల్స్ ఉన్నాయి కదా మేడమ్” అన్నాడు. అవేమన్నా ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? ఎవరో చెవులు నొప్పెట్టేదాకా విని పెట్టినవి. హెడ్‌ఫోన్స్ ఇచ్చి కూర్చోబెట్టాను. అతని మోడల్ అన్నిటికంటే ఎక్కువ నమ్మకంగా పట్టుకున్న తిమింగలం ఏమిటనుకున్నారు? రికార్డర్ తన డిస్క్ మీద తనే రాసుకుంటున్న చప్పుడు. స్క్రీన్ మీద ఒకే ఎడంలో, ఒకే గీత, మళ్లీ మళ్లీ. ఏ తిమింగలం అంత టైంటేబుల్ ప్రకారం పిలుస్తుంది బాబూ?

మీలో చాలామంది రేపు స్కాన్‌ల మీదో, అప్పుల దరఖాస్తుల మీదో మోడళ్లు కడతారు. చేరిన మొదటి వారం మోడల్ జోలికి పోకండి. ఓ వంద ఫైళ్లు మీరే తెరిచి చూడండి. బోరు కొడుతుంది. కొట్టనివ్వండి. పాఠాలన్నీ రెట్టింపు వేగంలో పెట్టుకుని పాసైన ఘనులని నాకు తెలుసు, మీ ప్రొఫెసర్లే చెప్పారు. నీలి తిమింగలాన్ని మాత్రం పది రెట్ల వేగంలో పెట్టుకోవచ్చు. దాని గొంతు మామూలుగా మన చెవికి అందనంత మంద్రం. మిగతావన్నీ మామూలు వేగంలోనే.