అవాంఛిత రోమాలు: అవాంఛితం ఎవరికి?

(కొయ్యూరులో మహిళా ఆరోగ్య కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



కొయ్యూరు అనగానే ఎవరికైనా 1924 మే 7, అల్లూరి సీతారామరాజును కాల్చి చంపిన రోజు గుర్తుకొస్తుంది. ఇక్కడ సభ పెడితే 1/70 చట్టం గురించో, అటవీ హక్కుల గురించో, డోలీ మీద మోసుకెళ్లే గర్భిణుల గురించో మాట్లాడడం మనకు అలవాటు. అలాంటి చోట వ్యాక్సింగ్ గురించీ లేజర్ గురించీ మాట్లాడడమేమిటని మీలో కొందరు ముఖాముఖాలు చూసుకోవడం గమనించాను. బస్తీ ఆడవాళ్ల సోకుల సంగతి మనకెందుకు అని కూడా అనిపించవచ్చు.

కానీ హాస్టల్ పిల్లలతో ఆరోగ్యం గురించి మాట్లాడే కార్యకర్తలందరికీ తెలుసు, చీటీల మీద పేరు రాయకుండా ప్రశ్నలడగమంటే ఏ ప్రశ్నలు వస్తాయో. నెలసరి గురించి, తెల్లబట్ట గురించి, ఆ తర్వాత తప్పకుండా ఇది: ‘నాకు పైపెదవి మీద, గెడ్డం మీద వెంట్రుకలొస్తున్నాయి, ఏం చెయ్యాలి?’ అడిగిన పిల్లకు సరైన జవాబు మన దగ్గర లేకపోతే మెడికల్ షాపువాడు చెబుతాడు, లేదా సెల్‌ఫోన్‌లో వచ్చే ప్రకటన చెబుతుంది. అందుకే ఇది మన పనే అంటున్నాను.

మొదట మాట దగ్గర ఆగుదాం. ప్రకటనలన్నీ ‘అవాంఛిత రోమాలు’ అంటాయి. అవాంఛితం ఎవరికి? మగవాడి మీసాన్ని పౌరుషం అంటారు. అదే వెంట్రుక ఆడపిల్ల పెదవి మీద నాలుగు కనిపిస్తే ‘మీసాల పిల్ల’ అని వెక్కిరిస్తారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు చేతులు చూస్తారు, కాళ్లు చూస్తారు. వెంట్రుక శరీర ధర్మం. సిగ్గు మాత్రం సమాజం నేర్పింది.

2024 ఏప్రిల్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఉత్తరప్రదేశ్ పదో తరగతి పరీక్షల్లో ఒక అమ్మాయి రాష్ట్రంలోనే మొదటి స్థానం తెచ్చుకుంది. ఆ పిల్ల ఫొటో బయటికి రాగానే దేశం నలుమూలల నుంచీ ముఖం మీది వెంట్రుకల గురించి ఎగతాళి మొదలైంది. మార్కులు కాస్త తగ్గి ఉంటే తన ఫొటో బయటికొచ్చేదే కాదు, ఈ మాటలు పడాల్సి వచ్చేది కాదు అని ఆ పిల్ల బాధపడింది. చదువులో మొదటి స్థానం వచ్చినందుకు ఆడపిల్ల విచారించాల్సి రావడం కన్నా అన్యాయం ఏముంటుంది? దీని మీద ఒక గడ్డం బ్లేడ్ల కంపెనీ ఆ అమ్మాయి పేరు వాడుకుని పత్రికలో పెద్ద ప్రకటన వేయించింది. వెక్కిరించేవాడు ఒకడు, ఆ వెక్కిరింతను అమ్ముకునేవాడు ఇంకొకడు. ఇద్దరికీ పెట్టుబడి ఆడపిల్ల సిగ్గే.

ఈ వ్యాపారం కొత్తది కాదు. మన ఇళ్లల్లో పసిపిల్లలకు సున్నిపిండితో నలుగు పెట్టడం, ఆడవాళ్లు పసుపు రాసుకోవడం ఎప్పటి నుంచో ఉన్నాయి. ఇది మార్కెట్టుగా మారడం మాత్రం ఇరవయ్యో శతాబ్దపు సంగతి. అమెరికాలో జిల్లెట్ కంపెనీ 1915లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా రేజరు అమ్మకానికి పెట్టింది. 1920లలో అక్కడి బ్యూటీ పార్లర్లలో ‘ట్రైకో’ అనే పద్ధతి పేరుతో ఎక్స్‌రేలతో ముఖం మీది వెంట్రుకలు పోగొట్టారు. నొప్పి ఉండదు, మచ్చ ఉండదు అని చెప్పి వేలమందిని కూర్చోబెట్టారు. వెంట్రుకలు రాలాయి. తర్వాత ఏళ్లు గడిచాక చర్మం ముడతలు పడి, పుండ్లయి, ఎంతోమందికి క్యాన్సర్ వచ్చింది. 1930ల మొదట్లో ‘కోరెమ్లు’ అనే క్రీము వచ్చింది. అందులో ఉన్నది థాలియం, అంటే ఎలుకల మందులో వాడే విషం. రాసుకున్న ఆడవాళ్లకు కాళ్లు చచ్చుబడ్డాయి, చూపు దెబ్బతింది. ఇలాంటి దారుణాలు బయటపడ్డాకే 1938లో అక్కడ సౌందర్య సాధనాలను చట్టం కిందికి తెచ్చారు. ‘కొత్తది, నొప్పిలేనిది, శాశ్వతమైనది’ అనే మాట వినగానే ఆడవాళ్లు రెండు ప్రశ్నలు వెయ్యాలని ఈ చరిత్ర చెబుతోంది.

ఇక అసలు విషయానికి వద్దాం. వ్యాక్సింగా, లేజరా?

వ్యాక్సింగ్ అంటే వేడిచేసిన మైనమో, పంచదార పాకమో చర్మానికి పూసి, గుడ్డ అద్ది ఒక్క లాగుతో వెంట్రుకను కుదురుతో సహా పీకడం. మూడు నుంచి ఆరు వారాల్లో మళ్లీ వస్తాయి. ఖర్చు తక్కువ, యంత్రం అక్కర్లేదు. ప్రమాదాలు లేకపోలేదు. మైనం ఎక్కువ వేడైతే చర్మం కాలుతుంది. కుదుళ్లు వాచి చీము గుల్లలు రావచ్చు. వెంట్రుక బయటికి రాకుండా చర్మం లోపలికే మెలిపడి పెరగవచ్చు. ఒకరికి వాడిన పుల్లను మళ్లీ డబ్బాలో ముంచడం, మిగిలిన మైనాన్ని కరిగించి ఇంకొకరికి వాడడం అసలు చెయ్యకూడదు. మొటిమలకు రెటినాయిడ్ మందులు వాడుతున్నవాళ్లు చేయించుకుంటే పైచర్మం ఊడివస్తుంది. మధుమేహం ఉన్నవాళ్లు డాక్టరును అడగనిదే వెళ్లకూడదు.

లేజర్ పని వేరు. వెంట్రుకలో ఉండే నల్లని వర్ణద్రవ్యాన్ని మెలనిన్ అంటారు. లేజర్ కాంతిని ఆ మెలనిన్ పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. రంగును బట్టి ఎంచుకుని కాల్చే ఈ సూత్రాన్ని అండర్సన్, ప్యారిష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1983లో వివరించారు. 1990ల మధ్యలో ఇది వెంట్రుకల తొలగింపుకు వాడకంలోకి వచ్చింది. అన్ని వెంట్రుకలూ ఒకేసారి పెరిగే దశలో ఉండవు కాబట్టి ఒక్కసారితో పని కాదు. నాలుగు నుంచి ఎనిమిది వారాల ఎడంతో ఆరేడు సార్లు వెళ్లాలి, తర్వాత కూడా అప్పుడప్పుడూ వెళ్లాల్సి వస్తుంది. తెల్లవెంట్రుకల మీద ఇది పనిచెయ్యదు. ‘శాశ్వతంగా పోతాయి’ అనే మాట నిజం కాదు. అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ కూడా ‘శాశ్వతంగా తగ్గించడం’ అనడానికే అనుమతి ఇచ్చింది.

ఇక్కడ మన రంగు ప్రశ్న వస్తుంది. మెలనిన్ వెంట్రుకలోనే కాదు, మన నల్లని చర్మంలోనూ ఉంది. తెల్లతోలు వాళ్లకు తగిన యంత్రాన్ని అదే లెక్కతో మన చర్మం మీద పెడితే వెంట్రుకతో పాటు చర్మం కూడా కాలుతుంది, నల్ల మచ్చలో తెల్ల మచ్చలో మిగులుతాయి. నల్లని చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ తక్కువ ప్రమాదకరం, ఎందుకంటే అది పైచర్మంలోని మెలనిన్‌ను అంతగా తాకకుండా లోతుకు వెళ్తుంది. కాబట్టి క్లినిక్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న రేటు ఎంత అని కాదు. ఇది ఏ యంత్రం, దీన్ని నడిపేది ఎవరు అని. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టకుండా లేజర్ మొదలుపెడితే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యండి.

ఎండ విషయం కూడా ఉంది. లేజర్ చేయించుకోవడానికి ముందూ తర్వాతా కొన్ని వారాలు ఆ చర్మాన్ని ఎండ తగలకుండా కాపాడుకోవాలి. జీడితోటల్లో, పొలాల్లో పగలంతా పనిచేసే మనిషి ఎలా కాపాడుకుంటుంది? విశాఖపట్నం క్లినిక్ ప్రకటన ఆమెను దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. ఆరేడు సార్లు పోనూ రానూ బస్సు ఛార్జీలు, పోయిన కూలి దినాలు కూడా లేజర్ ఖర్చులోనే వెయ్యాలి. ఇంకొక సంగతి. ఈ రెండింటినీ కలిపి చెయ్యడం కుదరదు. లేజర్‌కు కుదురులో వెంట్రుక ఉండాలి, వ్యాక్సింగ్ దాన్ని పీకేస్తుంది. లేజర్ కోసం వెళ్లేవాళ్లు కొన్ని వారాల ముందే వ్యాక్సింగ్ ఆపాలి, షేవింగ్ మాత్రం చేసుకోవచ్చు. షేవింగ్ చేస్తే వెంట్రుకలు బిరుసుగా వస్తాయన్న భయం అక్కర్లేదు. అది నిజం కాదని మిల్డ్రెడ్ ట్రాటర్ అనే మహిళా శాస్త్రవేత్త 1928లోనే పరీక్షించి చూపింది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇప్పుడు చెబుతాను. గెడ్డం మీద, ఛాతీ మీద, పొట్ట మీద బిరుసు వెంట్రుకలు రావడం, నెలసరి తప్పుతూ ఉండడం, మొటిమలు, బరువు పెరగడం ఇవన్నీ కలిసి ఉంటే ఆ పిల్లకు పార్లర్ కన్నా ముందు డాక్టరు అవసరం. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య కావచ్చు. పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలలో పదిమందికి ఒకరి దాకా ఇది ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు. దీన్ని పట్టించుకోకపోతే ముందుముందు మధుమేహం వచ్చే ప్రమాదం ఉంది. లోపలి కారణానికి వైద్యం లేకుండా పైన ఎంత లేజర్ పెట్టినా మళ్లీ మొలుస్తాయి. కొద్ది నెలల్లోనే వెంట్రుకలు విపరీతంగా పెరిగి, గొంతు కూడా మారితే అసలు ఆలస్యం చెయ్యకూడదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వల్ల కూడా వెంట్రుకలు పెరుగుతాయి. అలాగని మందు ఆపెయ్యకూడదు, డాక్టరుతో మాట్లాడాలి.

తెల్లబడడానికని మెడికల్ షాపులో కొని రాసుకునే స్టెరాయిడ్ క్రీములు ఇంకో కారణం. మొదట ముఖం నిగనిగలాడుతుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలొచ్చి, వెంట్రుకలు మొలుస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి క్రీములు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అమలు ఎలా ఉందో మీ ఊరి షాపులో మీరే చూడండి. తెలుపు అమ్మినవాడే వెంట్రుకలు తెప్పిస్తాడు, ఆ వెంట్రుకలు తియ్యడానికి ఇంకొకడు డబ్బు తీసుకుంటాడు.

పార్లర్లో పనిచేసే అమ్మాయిలను కూడా మరవకూడదు. మన సంస్థలు స్వయం ఉపాధి అనగానే కుట్టుమిషను, ఆ తర్వాత బ్యూటీషియన్ కోర్సు పెడతాయి. నేర్చుకున్న అమ్మాయి గంటల తరబడి నిలబడి, వంగి, వేడి మైనంతో పనిచేస్తుంది. ఎవరికైనా కాలితే నింద ఆమె మీదే పడుతుంది. లేజర్ యంత్రం ముందు నాలుగు రోజుల శిక్షణతో ఆమెను నిలబెట్టడం ఆమెకూ, వచ్చినవాళ్లకూ అన్యాయమే. లేజర్ వైద్యమని, తగిన శిక్షణ ఉన్న డాక్టరు ఆధ్వర్యంలోనే జరగాలని దేశంలోని చర్మవైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. మనం కోర్సులు నడిపితే మైనం వేడి చూసుకోవడం, చేతి తొడుగులు, పుల్ల మళ్లీ ముంచకపోవడం, డాక్టరు దగ్గరికి ఎవరిని పంపాలో తెలుసుకోవడం అందులో పాఠాలు కావాలి.

నష్టం జరిగితే చట్టం ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటికి సంబంధించిన జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చెయ్యవచ్చు, క్లినిక్ ఉన్న నగరానికి తిరగనక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి కాబట్టి మీ ఊరు ఏ కమిషన్ కిందికి వస్తుందో ముందు తెలుసుకోండి. రెండేళ్లలోపు ఫిర్యాదు చెయ్యాలి. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే రుసుము లేదు. సలహాకు 1915 నంబరుకు ఫోన్ చెయ్యవచ్చు. అయితే బిల్లు కావాలి, సంతకం పెట్టిన కాగితం నకలు కావాలి, చెయ్యకముందు తీసిన ఫొటో కావాలి. అందుకే ప్యాకేజీ డబ్బంతా ముందే కట్టవద్దు. చెవి వెనకో, చిన్న చోటో పరీక్ష చేసి కొన్ని రోజులు ఆగి చూడమనండి. ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టమంటే తెలుగులో చదివి చెప్పమనండి.

మరి ఏది ఎంచుకోవాలి? వెంట్రుకలు ఒత్తుగా, నల్లగా ఉండి, కారణానికి వైద్యం జరుగుతూ, ఎండ నుంచి తప్పించుకునే వీలూ, డబ్బూ, నమ్మదగిన డాక్టరూ ఉన్నవాళ్లకు లేజర్ పనికొస్తుంది. అప్పుడప్పుడూ తీయించుకుంటే చాలనుకునేవాళ్లకు శుభ్రంగా చేసే చోట వ్యాక్సింగ్ చాలు. ముఖం మీద నాలుగు వెంట్రుకలకు దారం సరిపోతుంది. మూడో దారి కూడా ఉంది, ఏమీ చెయ్యకుండా ఉండడం. అది నిర్లక్ష్యం కాదు, హక్కు. తీయించుకున్న ఆమెను సోకులాడి అనీ, తీయించుకోని ఆమెను శుభ్రత లేనిదనీ మనం అనకూడదు. ఒకరు భయంతో చేస్తున్నారా, ఇష్టంతో చేస్తున్నారా అన్నదే మనకు ముఖ్యం.

మీరు ఇక్కడి నుంచి వెళ్లాక మూడు పనులు చెయ్యమని కోరుతున్నాను. మీ హాస్టళ్లలో పిల్లలతో దీని గురించి బాహాటంగా మాట్లాడండి, వెక్కిరించే పిల్లలతో కూడా మాట్లాడండి. నెలసరి తప్పుతూ ముఖం మీద వెంట్రుకలు వస్తున్న పిల్లలను ఆసుపత్రికి వెంటబెట్టుకు వెళ్లండి. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మొదలుపెట్టవచ్చు, అవసరమైతే విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీములు అమ్మే షాపుల మీద సంఘం తరఫున డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఒక్కరు వెళ్లి అడిగితే షాపువాడు నవ్వుతాడు. పదిమంది సంతకాలు పెట్టిన కాగితం వస్తే జవాబు చెబుతాడు.